డాబా తాళం తీయండి: మా అపార్ట్‌మెంటు సంఘం కమిటీకి బహిరంగ లేఖ

కమిటీ పెద్దలకు నమస్కారం.

ఏప్రిల్ మొదట్లో మూడు బ్లాకుల లిఫ్టుల్లోనూ మీరు అంటించిన నోటీసు అందరం చదివాం. టెర్రస్ మీద బట్టలు గానీ, వడియాలు, పచ్చళ్ళు, పప్పుదినుసులు గానీ ఎండబెట్టకూడదన్నారు. ఇదివరకు రాత్రి పూట మాత్రమే వేసే తాళం ఇకమీదట పగలు కూడా ఉంటుందన్నారు. మాట వినకపోతే జరిమానా అన్నారు. కింద ఎవరి సంతకమూ లేదు, రబ్బరు స్టాంపు ఉంది. జవాబు రాద్దామంటే మన వాట్సాప్ గ్రూపులో అడ్మిన్లు తప్ప ఇంకెవరూ మాట్లాడలేరు. అందుకని ఈ ఉత్తరం అందరూ చదివేలా రాస్తున్నాను. మన ఒక్క చోటే అయితే ఇంత దూరం వచ్చేదాన్ని కాదు. హైదరాబాదులో మా చుట్టాలున్న అపార్ట్‌మెంట్లలో ఎవరిని అడిగినా ఇదే కథ. వాళ్ళ కమిటీలు కూడా చదువుకుంటే మంచిదే.

మీలో ఎవరూ నాకు పరాయివాళ్ళు కారు. సెక్రటరీ గారింటి మాగాయ నేను తిన్నాను, ట్రెజరరు గారింటికి మా గుమ్మడి వడియాలు వెళ్ళాయి. అవి ఎక్కడ ఎండాయో వారికీ తెలుసు.

నోటీసు రాసినవారికి తెలియదని నాకు అనిపించింది మాత్రం ఒకటుంది. వేసవిలో డాబా మీద జరిగేది కాలక్షేపం కాదు. ఏడాది వంటలో కొంత భాగం అక్కడే జరుగుతుంది. దానికి గడువు ఉంది. ఉగాదినాటి లేత కాయ పప్పుకీ పులిహోరకీ పనికొస్తుంది కానీ ఆవకాయకు పనికిరాదు. ఆవకాయకు టెంక ముదరాలి, పులుపు దిగకూడదు. ఏప్రిల్ చివర మొదలై మే నెలంతా ఆ కాయ దొరుకుతుంది. ఆ తరవాత కాయలో తీపి చేరుతుంది, ముక్క మెత్తబడుతుంది. ఈలోపు రోహిణి కార్తె. రోళ్ళు పగిలే ఎండలని పెద్దవాళ్ళు తిట్టుకున్నా, ఆ ఎండ కోసమే ఎదురుచూసేవారు. జూన్ రెండో వారానికల్లా మృగశిర చినుకులు, వాటి వెనకే రుతుపవనాలు. అంటే ఏడాది మొత్తంలో మాకు కావలసింది గట్టిగా ఐదారు వారాలు. మీరు తాళం వేసింది సరిగ్గా ఆ ఐదారు వారాలకే.

ఆవకాయ ముక్కలు ఎండబెట్టరు కదా, మరి గోల ఎందుకని కమిటీలో ఒకరు అన్నారట. నిజమే, ముక్కలు ఎండబెట్టం. కాయలు కడిగి, పొడిబట్టతో ఒక్కొక్కటీ తుడిచి, కొట్టించి, జీడి తీసి, టెంక మీది పొర గీకి, మళ్ళీ తుడుస్తాం. చుక్క నీరు ఉన్నా ఆగస్టుకల్లా జాడీలో బూజు కనిపిస్తుంది. ఎండ కావలసింది ఉప్పుకీ, ఆవాలకీ, మిరపకాయలకీ. కల్లుప్పు గాలిలోని తేమను పీల్చుకుని ఉంటుంది. దాన్ని గలగలలాడేలా ఎండబెట్టి దంచితేనే కొలత సరిగ్గా వస్తుంది. ఆవాలకు ఎండ సరిగ్గా తగలకపోతే పిండి మెత్తగా రాదు. గుంటూరు మిరపకాయ తెచ్చినా, రంగు కోసం వరంగల్ చపాటా కలిపినా, తొడిమ తీసి ఎండలో పోసి, చేత్తో నలిపితే పలపలా విరిగాకే మరకు వెళ్ళాలి. మెత్తటి కాయను మరవాడు పట్టడు, పట్టినా జల్లెడలో ఉండకడుతుంది.

మాగాయ సంగతి వేరు. అందులో పొయ్యి పని పోపు వరకే, మిగతాదంతా ఎండే చేస్తుంది. కాయ చెక్కు తీసి, టెంక వదిలేసి, పొడుగు ముక్కలుగా తరిగి, ఉప్పూ పసుపూ కలిపి మూడు రోజులు ఊరనిస్తాం. ఉప్పు ముక్కలోని నీటిని బయటకు లాగుతుంది. మూడో రోజు ముక్కలు గట్టిగా పిండి, ఊట ఒక గిన్నెలోకి తీసి, ముక్కల్ని పరుస్తాం. ఊట గిన్నె నోటికి పల్చటి గుడ్డ కట్టి దాన్ని కూడా పక్కనే పెడతాం. ముక్క అంచులు ముడుచుకుని, పైకి ఎండి, లోపల కాస్త నమిలేలా ఉన్నప్పుడు తీయాలి. ఒక పూట తక్కువైతే నిలవ ఉండదు, ఒక రోజు ఎక్కువైతే తోలులా సాగుతుంది. అందుకే మధ్యాహ్నం రెండింటికి ఒకసారి వెళ్ళి తిరగేసి, నోట్లో వేసుకు చూసి రావాలి. పగలు తాళం వేసిన తలుపు వెనక ఈ పని ఎలా చేయాలో నోటీసులో లేదు.

హాల్లో ఫ్యాను కింద ఆరబెట్టుకోమని సలహా ఇచ్చినవారికి ఒక్క మాట. ఫ్యాను గాలికి ముక్క పైపొర ఆరుతుంది, లోపలి తడి లోపలే ఉంటుంది. డాబా మీద పైనుంచి ఎండ, కిందనుంచి కాలిన సిమెంటు, మధ్యలో వడగాలి. నలభై దాటిన రోజున పొద్దున వేసినవి సాయంత్రానికి సగం పని పూర్తి చేసుకుంటాయి. ఇక బాల్కనీల సంగతంటారా, పక్క టవరు నీడ తప్పించుకుని మా బాల్కనీలో ఎండ పడేది పొద్దున కాసేపే. ఉత్తరం వైపు ఫ్లాట్లవాళ్ళకు అదీ లేదు. వాళ్ళూ మనకు చదరపు అడుగుకు అదే మెయింటెనెన్సు కడుతున్నారు.

వడియాల గురించి చెప్పకపోతే ఈ ఉత్తరం పూర్తి కాదు. బూడిద గుమ్మడికాయను ముందు మగవాళ్ళే కొట్టాలని మన వైపు ఆచారం. మా బ్లాకులో ఆ బాధ్యత ఒక సాఫ్ట్‌వేరు కంపెనీ డైరెక్టరు గారిది. ఏడాదిలో ఆయన వంటింటి కత్తి పట్టుకునేది ఆ పూటే. కాయ కొట్టి, మిగతాదంతా తానే చేసినట్టు మీసం తుడుచుకుంటూ వెళ్ళిపోతారు. ముక్కలు ఉప్పు వేసి, గుడ్డలో మూటగట్టి, మీద బరువు పెట్టి రాత్రంతా ఉంచితే నీరు కారిపోతుంది. తెల్లవారుజామున నానిన మినప్పప్పును నీళ్ళు తగలకుండా గట్టిగా రుబ్బి, పచ్చిమిర్చి, ఇంగువ, ఉప్పు వేసి ముక్కలతో కలిపి, తడిపిన పాత పంచె మీద పెట్టుకుంటూ పోవాలి. రెండోరోజు పంచె వెనక నీళ్ళు చిలకరించి ఊడదీసి, తిరగేసి వేయాలి. మూడు నాలుగు ఎండలు కావాలి. సగ్గుబియ్యం వడియాలకు ఇంత తతంగం లేదు. జావ కాచి, జీలకర్ర వేసి, ఎండ ముదరకముందే గరిటెతో ప్లాస్టిక్ షీటు మీద వేయడమే. పిల్లలు చేయగల పని, చేసి తీరుతారు కూడా. సగం ఎండిన వడియాన్ని దొంగతనంగా తినడం వాళ్ళ కూలి.

చల్ల మిరపకాయలది వింత ప్రయాణం. గాటు పెట్టిన మిరపకాయలు రాత్రి పుల్లటి మజ్జిగలో నానాలి, పగలు ఎండాలి, సాయంత్రం మళ్ళీ అదే మజ్జిగలోకి. గిన్నెలో మజ్జిగ ఇంకిపోయేదాకా ఇలా పైకీ కిందకీ తిరుగుతూనే ఉంటాయి. రోజుకు రెండుసార్లు తాళంచెవి అడగాలంటే వాచ్‌మన్ ఏమంటాడో మీరే ఊహించండి.

ఇదంతా తెలుగువాళ్ళ గొడవ అనుకుంటారేమో. మన సి బ్లాకులో తమిళ మామి ఎండబెట్టే వత్తల్ ఉంది. రాజస్థాన్ కుటుంబం పెసరపప్పుతో పెట్టే మంగోడీలూ, అప్పడాలూ ఉన్నాయి. కన్నడ వాళ్ళకు సండిగె ఉంది, మరాఠీ వాళ్ళకు గోధుమ పాలతో తీసే కుర్డయీ ఉంది, ఒడియా వాళ్ళకు బడీ ఉంది. బెంగాల్లో మేదినీపూర్ వైపు నగల డిజైన్లలా చుట్టే గొహొనా బొడి చలికాలం ఎండలో పెడతారట. పేరు మారినా, నెల మారినా, ఈ దేశంలో ఆడవాళ్ళు పప్పు నానబోసుకుని ఆకాశం వైపు చూడని ఊరు లేదు. మన టెర్రస్ మీద ఒక శనివారం పొద్దున నిలబడితే వీళ్ళంతా ఒకే చోట కనిపించేవారు. ఒకరి పక్కన ఒకరు గుడ్డలు పరుచుకుని, ఒకరిది ఒకరు రుచి చూసి, మా కంటే మీదే బాగుందని మొహమాటానికి చెప్పుకుని, కిందకొచ్చాక ఇంట్లో వేరే మాట చెప్పుకునేవారు.

ఇక మీరు చెప్పిన కారణాల దగ్గరకి వస్తాను.

మొదటిది, కొత్తగా వేయించిన తెల్ల పూత. ఈ విషయంలో మీతో నాకు తగాదా లేదు. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది. మీరు దాన్ని చూసి మూడు డాబాలకూ పూత వేయించారు. పై అంతస్తువాళ్ళకు నిజంగానే వేడి తగ్గింది. దాని మీద పసుపు ఊట ఒలికితే మరక పోదు, కారం పడితే మాసిపోతుంది. ఒప్పుకుంటాం. నేల మీద నేరుగా ఏమీ పరచకుండా మడత మంచాల మీదో, కాళ్ళున్న చట్రాల మీదో పెట్టుకుంటాం. కింద టార్పాలిన్ వేస్తాం. మరక పడితే పెట్టిన ఇంటివాళ్ళే తుడవాలి, తుడిచినా పోకపోతే ఆ మేర పూతకు డబ్బు కట్టాలి. ఇది న్యాయమైన షరతు. ఈ షరతు పెట్టి ఉంటే ఈ ఉత్తరం రాయాల్సిన పనే ఉండేది కాదు.

రెండోది, స్లాబు కారడం. మా ముగ్గురు నలుగురి వడియాల తడికి స్లాబు కారదు. బి బ్లాకు పైన ట్యాంకు పైపు జాయింటు దగ్గర ఏడాది పొడవునా చెమ్మ ఉంటుంది. పొద్దున మోటారు ఆపడం మరిచిపోతే ట్యాంకు పొంగి ఆ నీళ్ళన్నీ మూలకు చేరతాయి. ముందు అది చూడండి.

మూడోది, పావురాలు. తినే వస్తువులు పరిస్తే పావురాలు చేరతాయన్నారు. పార్కు పక్కన రోజూ జొన్నలు చల్లే వారిని మీరెవరూ అడగలేదు. వడియాల దగ్గర కాపలాకి ఒక మనిషి ఉంటుంది, నల్ల గుడ్డ ఉంటుంది, పాత సీడీలు దారాలకు కట్టి ఉంటాయి. కాకి వస్తే తరిమేది కూడా మేమే.

నాలుగోది, సోలార్ పలకలు. 2024లో ప్రధానమంత్రి సూర్యఘర్ పథకం వచ్చాక ఉమ్మడి అవసరాలకు సోలార్ పెట్టుకునే సంఘాలకు కూడా సబ్సిడీ వస్తోంది. మీరు దరఖాస్తు చేశారని విన్నాను, సంతోషం. పలకలు స్టాండు మీద ఎత్తులో పెట్టే పద్ధతి ఉంది, మూడు బ్లాకుల్లో రెండింటి మీద పెట్టి ఒకటి వదిలే పద్ధతీ ఉంది. ఎండతో లిఫ్టు నడిపించడం గొప్ప ఆలోచన అయినప్పుడు, అదే ఎండతో మిరపకాయ ఎండబెట్టడం వెనకబాటుతనం ఎలా అయిందో నాకు అర్థం కాలేదు.

పిల్లల భద్రత మాట మాత్రం నేను కొట్టిపారేయను. పిట్టగోడ ఎత్తు చాలదు, కేబుల్ వైర్లు కాళ్ళకు తగులుతాయి, లిఫ్టు మోటారు గది తలుపు ఒక్కోసారి తెరిచే ఉంటుంది. పెద్దవాళ్ళు తోడు లేకుండా పిల్లలు రాకూడదని రాయండి, పిట్టగోడ మీద జాలీ వేయించండి. దానికి అదనంగా చందా వేసినా ఎవరూ కాదనరు. తాళం వేసి భద్రత అనడంలో మరో చిక్కుంది. కింద అంతస్తులో నిప్పంటుకుంటే పొగ మెట్ల దారినే పైకి ఎక్కుతుంది. కిందకు దిగలేని పైవాళ్ళు పరుగెత్తేది డాబా మీదకే. ఆ సమయంలో తాళంచెవి గేటు దగ్గరి సెక్యూరిటీ గదిలో ఉంటే ఎవరికి ఉపయోగం? ఫైర్ మాక్ డ్రిల్లు పెడదామని రెండేళ్ళుగా అంటున్నారు. పెట్టిన రోజున ఈ ప్రశ్న ఎలాగూ వస్తుంది.

ఇవన్నీ పైకి చెప్పిన కారణాలు. అసలు కారణం లిఫ్టు దగ్గర మాటల్లో బయటపడింది. ఫ్లాటు కొనడానికి వచ్చినవాళ్ళకు డాబా చూపిస్తే, పాత పంచెలూ చీరలూ పరిచి ఉంటే, మన కమ్యూనిటీ స్టాండర్డు పడిపోతుందట. అడుగుకు రేటు తగ్గుతుందట. ఈ మాట అన్నవారి మీద నాకు కోపం లేదు, వారు బ్యాంకు లోను మీద ఫ్లాటు కొన్నారు, రేటు గురించి ఆలోచించడం సహజం. కానీ స్టాండర్డు అనేది ఎవరి కంటితో చూసి నిర్ణయించారు? బ్రోచర్లో టెర్రస్ బొమ్మ ఉంటుంది. అందులో గొడుగు కింద కుర్చీలు, మొక్కలు, చేతిలో గ్లాసు పట్టుకున్న జంట ఉంటారు. మే నెల మధ్యాహ్నం హైదరాబాదులో ఆ కుర్చీలో కూర్చుని చూడమనండి. ఆ వేళ డాబా మీదకు ఎక్కే ధైర్యం ఉన్నవాళ్ళు మాగాయ తిరగేసేవాళ్ళే.

డిసెంబరు 31 రాత్రి అదే డాబా మీద స్పీకర్లు, పొయ్యిలు, సీసాలు. మర్నాడు ఊడ్చింది వాచ్‌మన్ భార్య. సంక్రాంతికి మాంజా ముక్కలు వారం రోజులు కాళ్ళకు చుట్టుకున్నాయి. అప్పుడు స్టాండర్డు పడిపోలేదు. పార్టీలు వద్దనడం లేదు, మా ఇంట్లోవాళ్ళూ వెళ్ళారు. ఒక రాత్రి సరదాకు తెరిచే తలుపు, ఏడాది తిండికి ఎందుకు తెరవరన్నదే నా ప్రశ్న.

చంద్రుడి విషయం కూడా ఇక్కడే చెప్పాలి. ఆశ్వయుజ బహుళ తదియన మన వాళ్ళకు అట్లతద్ది. ఆ మర్నాడే చవితి, ఉత్తరాది వాళ్ళకు కర్వా చౌత్. రెండూ పగలంతా ఉపవాసం ఉండి చంద్రుణ్ణి చూశాక తినే నోములే. టవర్ల మధ్య నుంచి చంద్రుడు కనిపించాలంటే చాలా పొద్దుపోవాలి, డాబా మీదైతే ముందే కనిపిస్తాడు. గత ఏడాది కర్వా చౌత్‌కి మీరే తాళం తీయించి దీపాల తోరణాలు కట్టించారు, ఫోటోలు గ్రూపులో పెట్టారు. చాలా బాగుంది. దాని ముందు రోజు రాత్రి మాత్రం అట్లు పట్టుకుని ఆకలితో నిలబడ్డ మా ఆడవాళ్ళు తాళంచెవి కోసం ఫోన్లు చేస్తూ ఉండిపోయారు. కావాలని చేశారని అనను. ఎవరికీ తట్టలేదు, అంతే. కమిటీ తొమ్మిది మందిలో ఒక్క ఆడమనిషి కూడా లేకపోతే ఇలాంటివి తట్టవు. రథసప్తమికి ఎండలో పిడకల మీద పాలు పొంగించే పెద్దావిడ రెండేళ్ళుగా బాల్కనీలో ఇండక్షన్ స్టవ్ మీద కానిచ్చేస్తున్నారని మీలో ఎంతమందికి తెలుసు?

కొనుక్కోవచ్చు కదా అనేవాళ్ళున్నారు. కొంటున్నాం. ఆవకాయ నుంచి అప్పడం దాకా ప్యాకెట్లలో దొరకనిది లేదు, ఉద్యోగాలు చేసే ఇళ్ళకు అది పెద్ద ఊరట. కొనడం తప్పని ఎవరంటారు? కొన్నింటికి మాత్రం ఇల్లే కావాలి. మా అత్తగారికి రక్తపోటు, ఉప్పు తగ్గించిన మాగాయ విడిగా ఓ చిన్న సీసాలో పెట్టాలి. కింది ఫ్లాటులో కరీంనగర్ వాళ్ళకు అల్లం వెల్లుల్లి దంచి వేయకపోతే అది పచ్చడే కాదు. మా ఇంట్లో వెల్లుల్లి రేకలు వేసిన జాడీ ఒకటి, వేయనిది ఒకటి. జూన్, జులైలలో అమెరికాకో, ఆస్ట్రేలియాకో చదువుకి వెళ్ళే పిల్లల సూట్‌కేసుల్లో, చొక్కాల మడతల మధ్య మూడు కవర్లలో చుట్టి టేపు వేసిన పొట్లాలు వెళతాయి. తూకం ఎక్కువైతే ఎయిర్‌పోర్టులో స్వెట్టరు తీసేస్తారు గానీ దాన్ని తీయరు. అంతకన్నా ముఖ్యమైన సంగతి, ఏ బ్లాకులో అని చెప్పను, ఒకావిడ వేసవిలో వడియాలూ చల్ల మిరపకాయలూ చేసి అమ్మి పిల్లవాడి ఫీజులో కొంత కడుతోంది. కొనుక్కోమని చెప్పినవారు కొంటున్నది అలాంటి ఆడవాళ్ళ చేతి పనే. ఆ చేతులకు ఎక్కడో ఒక డాబా కావాలి.

సంప్రదాయమంటే అన్నీ నెత్తిన పెట్టుకోమని నేననడం లేదు. మా చిన్నప్పుడు ఆవకాయ పెట్టే రోజు ఇల్లంతా మడి. నెలసరిలో ఉన్న ఆడపిల్ల జాడీ దరిదాపుల్లోకి రాకూడదు, వస్తే పచ్చడి పాడైపోతుందని భయపెట్టేవారు. ఎండలో అంత చాకిరీ చేసినవాళ్ళు చివరికి మిగిలిన గంజితో తినేవారు. కొందరి నీడ కూడా పడకూడదనేవారు. అవన్నీ పోవలసినవే, పోయినంత మేర మంచిదే. మన డాబా మీద పోయాయి కూడా. పక్కింటి గుడ్డ మీది గుమ్మడి వడియం తిరగేసిన చేయి ఎవరిదని గానీ, ఆవిడకు ఆ రోజు ఏమిటని గానీ ఎవరూ ఎప్పుడూ అడగలేదు. వాచ్‌మన్ కూతురు రుచి చూసి ఉప్పు తక్కువైందంటే, కలిపి మళ్ళీ వేశారు. తలుపులు మూసుకున్న వంటిళ్ళలో ఈ మార్పు రావడానికి ఇంకా ఎన్నాళ్ళు పట్టేదో.

చాకిరీ మాట వచ్చింది కాబట్టి, అది ఆడవాళ్ళదే ఎందుకు కావాలని మా అమ్మాయి అడుగుతుంది. నిజమే. మంచాలు మోయడానికి, రెండింటి ఎండలో పైకి ఎక్కడానికి మగవాళ్ళ పేర్లు కూడా రాయండి. కాయ కొట్టి వెళ్ళిపోతే కుదరదు. (డైరెక్టరు గారు చదువుతున్నారని తెలుసు.)

వాచ్‌మన్ గురించి ప్రత్యేకంగా రాయాలి. నోటీసు మీరు పెట్టారు, అమలు చేసేది అతను. తాళంచెవి ఇవ్వకపోతే మేం విసుక్కుంటాం, ఇస్తే మీరు కోప్పడతారు. ఒకరోజు మా బ్లాకు పెద్దాయన అరిచి వెళ్ళారు, మర్నాడు మీలో ఒకరు జీతం కోస్తానన్నారు. ఊరు వదిలి వచ్చి, మెట్ల కింద గదిలో కాపురం ఉంటున్న మనిషి. మన తగవులో అతన్ని నిలబెట్టడం ఎవరికీ మర్యాద కాదు. జరిమానాల పుస్తకం అతని చేతికిచ్చారని విన్నాను, దాన్ని వెంటనే వెనక్కి తీసుకోండి.

చట్టం సంగతి ముక్తసరిగా చెబుతాను, మనం కోర్టుకు వెళ్ళేవాళ్ళం కాదు. 2016 నాటి రెరా (స్థిరాస్తి వ్యాపార నియంత్రణ) చట్టంలో ఉమ్మడి స్థలాలంటే ఏమిటో చెప్పిన చోట మెట్లు, లిఫ్టులు, పార్కులతో పాటు టెర్రస్‌లు కూడా ఉన్నాయి. ఉమ్మడి స్థలాన్ని ఎలా వాడుకోవాలో నియమాలు పెట్టే బాధ్యత మీకు ఉంది, దాన్ని మేం గౌరవిస్తాం. నియమం వేరు, తాళం వేరు. సర్వసభ్య సమావేశంలో చర్చించకుండా, మూడు బ్లాకుల వాళ్ళ వాటా ఉన్న స్థలాన్ని ఒక స్టాంపుతో మూసేయడం సంఘం పద్ధతి కాదు.

పద్ధతి మనకు తెలియనిది కూడా కాదు. 2020లో లాక్‌డౌన్ మార్చి చివర మొదలై, సరిగ్గా ఆవకాయల కాలమంతా నడిచింది. గేటు దాటే వీలు లేదు, అందరికీ డాబా ఒక్కటే దిక్కు. అప్పటి కమిటీ ఏం చేసిందో పాతవారికి గుర్తుండే ఉంటుంది. అంతస్తుల వారీగా పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం అని వేళలు రాసి ఒక రిజిస్టరు పెట్టారు. నడిచేవాళ్ళు ఒక పక్క, ఎండబెట్టేవాళ్ళు ఇంకో పక్క అని సుద్దముక్కతో గీత గీశారు. కాయలు మూకుమ్మడిగా తెప్పించి గేటు దగ్గర పంచారు. కత్తి పీట ఉన్న ఇంటివాళ్ళు అందరివీ కొట్టి పెట్టారు. ఆ ఏడాది ఎవరి వడియమూ ఎవరి కాళ్ళ కిందా పడలేదు. అంత భయంలోనే నడిచిన ఏర్పాటు ఇప్పుడు ఎందుకు నడవదు? ఆ రిజిస్టరు ఆఫీసు గదిలో బీరువా పైన ఉంది, మొన్న మెయింటెనెన్సు కట్టడానికి వచ్చినప్పుడు చూశాను.

మేం అడుగుతున్నది ఇంతే. ఏప్రిల్ 20 నుంచి జూన్ 10 దాకా పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు వరకు తలుపు తీసి ఉంచండి. ఒక్కో బ్లాకులో దక్షిణం వైపు సగం ఎండబెట్టుకోవడానికి, మిగతా సగం నడిచేవాళ్ళకు వదలండి. వేళలు రిజిస్టరులో రాసుకుంటాం, ఇంటికి రెండు మంచాలకు మించి వేయం. సాయంత్రం ఎవరివి వాళ్ళు తీసుకుని, ఊడ్చి దిగుతారు. మూడు బ్లాకులకూ ఒక్కో ఇంటి చొప్పున తాళంచెవి బాధ్యత తీసుకోవడానికి మనుషులు సిద్ధంగా ఉన్నారు, పేర్లు విడిగా ఇస్తాను. మిగిలిన ఏడాదిలో రథసప్తమికీ, అట్లతద్దికీ, కర్వా చౌత్‌కీ, ఇంకెవరి పండక్కైనా ముందు రోజు చెబితే తలుపు తీసే ఏర్పాటు ఉండాలి. బట్టల సంగతి జనరల్ బాడీలో మాట్లాడుకుందాం, అది ఇంకా పెద్ద తగవు. తలా ఒక మాట ఉంటుంది.

ఎండబెట్టడం సంగతి మాత్రం జనరల్ బాడీ దాకా ఆగదు. మీరు సమావేశం జూన్ చివరి ఆదివారం అన్నారు. అప్పటికి వాన పడుతూ ఉంటుంది, కాయ పండై ఉంటుంది, మీరు తాళం తీసినా మేం చేయగలిగింది ఉండదు. కమిటీ ఒక సాయంత్రం కూర్చుంటే తేలే విషయం ఇది. ఈ శనివారం మా బ్లాకు వాళ్ళం పది ఇళ్ళకు కలిపి కాయలు చెప్పాం, కొట్టే మనిషి కూడా గేటు దగ్గరకే వస్తానన్నాడు. మాగాయ ముక్కలు మూడు రోజులు ఊరతాయి. మంగళవారం పొద్దున ఆరింటికి వాటిని గట్టిగా పిండి డాబా మీదకు తేవాలి. ఈలోపు ఏ సంగతీ వాచ్‌మన్‌కి కాకుండా, నేరుగా మాకే చెప్పండి.

ఇట్లు,
బి బ్లాకు ఇల్లాలు ఒకరు
(ఈ ఉత్తరం కింద సంతకం చేయదలచుకున్నవారు పార్కు పక్క బెంచీ దగ్గర సాయంత్రం ఐదు తరవాత కలవవచ్చు. మగవాళ్ళు కూడా.)